కొత్త డీసీఎంకు బిల్ట్-ఇన్ మ్యాప్ కొనాలా?

ప్రశ్న: మాది గొల్లపూడి. హోల్‌సేల్ మార్కెట్ నుంచి కిరాణా సరుకు ఎత్తి విజయవాడ వన్‌టౌన్, కృష్ణలంక, సింగ్‌నగర్ షాపులకు, మైలవరం, తిరువూరు, నూజివీడు, జగ్గయ్యపేట లైన్లకు వేస్తుంటాం. మూడు చిన్న బండ్లు, ఒక డీసీఎం (మధ్యరకం లారీ) ఉన్నాయి. ఇంకో డీసీఎం కొందామని షోరూంకి వెళ్తే, పెద్ద స్క్రీను, బిల్ట్-ఇన్ నావిగేషన్ ఉన్న మోడల్ తీసుకోమంటున్నారు. దాని ధర ఎక్కువ. చేతిలో సెల్‌ఫోన్ ఉండగా అదెందుకని నాన్నగారు అంటున్నారు. మా పాత డ్రైవరు మ్యాప్ ముట్టుకోడు, ఆయనకు దారులన్నీ నోటికి వచ్చు. కొత్తగా చేరిన కుర్రాడు మ్యాప్ లేనిదే గేటు దాటడు. అయినా రోజూ ఎక్కడో ఒకచోట దారి తప్పుతున్నాడు. పోయిన నెలలో ఫోన్ చేతిలో పట్టుకుని నడుపుతుంటే చలానా కూడా పడింది. ఆ డబ్బు అతని జీతంలో పట్టుకోవాలా వద్దా అని ఇంట్లో ఒకటే వాదన. అసలు డెలివరీ బండ్లకు బిల్ట్-ఇన్ మ్యాప్ అవసరమా?
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: నమస్కారమండీ. సూటిగా చెబుతాను: మీరు తిరిగే లైన్లకు బిల్ట్-ఇన్ మ్యాప్ అవసరం లేదు. మిగతా విషయాల్లో ఆ మోడలే నచ్చితే తీసుకోండి గానీ మ్యాప్ కోసమని అదనపు డబ్బు కట్టకండి. అలాగని ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటారులే అని వదిలేస్తే అదీ పొరపాటే. మీ కుర్రాడికి మ్యాప్ కావాలి. అది ఇచ్చే బాధ్యత మీది. బండికి డీజిల్, టైర్లు, ఇన్సూరెన్స్ ఎలా యజమాని ఖర్చో, దారి తెలుసుకునే సాధనమూ అలాగే యజమాని ఖర్చు. అతని సొంత ఫోను, అతని సొంత డేటా వాడుకుంటూ, దారి తప్పాడని మళ్లీ అతన్నే తిట్టడం న్యాయం కాదు. చాలాచోట్ల జరుగుతున్నది ఇదే కాబట్టి ముందే చెబుతున్నాను.

షోరూంలో మూడు వేర్వేరు వస్తువుల్ని ఒకే ప్యాకేజీగా చెబుతుంటారు. వాటిని విడదీసి చూడండి. మొదటిది స్క్రీను. అందులో పాటలు, రివర్స్ కెమెరా, కాల్స్ ఉంటాయి. కొన్నిటికి ఫోన్ తగిలిస్తే ఫోన్‌లోని మ్యాపే స్క్రీన్ మీద కనిపిస్తుంది. అది బిల్ట్-ఇన్ మ్యాప్ కాదు, ఫోన్ మ్యాపే. రెండోది బండి ఎక్కడుందో, ఎంత డీజిల్ తాగుతోందో, ఎంతసేపు ఆగిందో యజమానికి చూపించే టెలీమాటిక్స్. టాటా ఫ్లీట్ ఎడ్జ్, అశోక్ లేలాండ్ ఐ-అలర్ట్, మహీంద్రా ఐమ్యాక్స్ లాంటివన్నీ ఈ కోవలోవి. ఇవి మీ కోసం, డ్రైవరు కోసం కాదు. మీ కుర్రాడు నూజివీడులో తప్పు సందులోకి తిరిగాడని మీకు గొల్లపూడిలో కూర్చుని తెలుస్తుంది. ఒప్పు సందు ఏదో అతనికి మాత్రం తెలియదు. మూడోది అసలైన నావిగేషన్, అంటే మ్యాప్ బండి లోపలే ఉండి దారి చెప్పేది. ఈసారి షోరూంకి వెళ్లినప్పుడు ‘మీరు చెబుతున్నది ఈ మూడింటిలో ఏది?’ అని అడగండి. మొదటి రెండింటికే మూడో దాని పేరు పెట్టి చెబుతున్నారేమో అక్కడే తేలిపోతుంది.

నిజంగా మూడోదే అయితే ఇంకొన్ని ప్రశ్నలున్నాయి. మ్యాప్ ఎవరిది, ఎన్నాళ్లకోసారి అప్‌డేట్ వస్తుంది, ఆ అప్‌డేట్ సిమ్ ద్వారా దానంతటదే వస్తుందా లేక సర్వీసుకు తెచ్చినప్పుడు వాళ్లు ఎక్కించాలా, ఎన్నేళ్లు ఉచితం, తర్వాత ఏడాదికి ఎంత కట్టాలి, తెలుగులో మాట్లాడుతుందా, వాట్సాప్‌లో వచ్చిన లొకేషన్‌ను నేరుగా దానిలోకి పంపగలమా. ఈ చివరి ప్రశ్న మీకు అన్నిటికన్నా ముఖ్యం. మీ షాపులవాళ్లు లొకేషన్ పంపేది వాట్సాప్‌లో. అది స్క్రీన్‌లోకి వెళ్లకపోతే డ్రైవరు ఫోన్ చూసి, పేరు మళ్లీ స్క్రీన్ మీద కొట్టుకోవాలి. రెండో రోజుకే విసుగొచ్చి ఫోనే తగిలించుకుంటాడు. మీరు కొన్న మ్యాప్ పాటల స్క్రీన్‌గా మిగిలిపోతుంది.

అప్‌డేట్ గురించి అంతగా ఎందుకు అడగమంటున్నానంటే, మన దగ్గర రోడ్లు మారే వేగం అలాంటిది. మీ గొల్లపూడి మీదుగా పోయే పశ్చిమ బైపాస్‌నే తీసుకోండి. చిన్న అవుటపల్లి నుంచి మీ దగ్గరికొచ్చి, కృష్ణ దాటి కాజ దగ్గర హైవేలో కలుస్తుంది. కొన్నేళ్ల కిందటి మ్యాప్‌కు ఆ రోడ్డు సంగతే తెలియదు. దుర్గగుడి ఫ్లైఓవర్ 2020 అక్టోబరులో తెరిచారు. అంతకుముందు మ్యాప్ ఎక్కించి మళ్లీ ముట్టుకోని బండికి ఇప్పటికీ అక్కడ కింది రోడ్డొక్కటే కనిపిస్తుంది. డీసీఎం మీ దగ్గర పదేళ్లో, అంతకన్నా ఎక్కువో ఉంటుంది. పదేళ్ల తర్వాత కూడా ఆ కంపెనీ ఆ స్క్రీన్‌కు మ్యాపులు పంపుతుందన్న హామీ కాగితం మీద ఇవ్వమనండి. ఫోన్ అయితే పాతబడ్డాక మార్చేస్తాం. మ్యాప్ యాప్ వారం వారం దానంతటదే మారుతుంది.

ఇక రోజువారీ సమాచారం ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో వరదలప్పుడు మీరు అక్కడే ఉన్నారు కాబట్టి నేను చెప్పక్కర్లేదు. బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీట మునిగింది. నందిగామ దగ్గర ఐతవరంలో మున్నేరు నీళ్లు హైదరాబాద్ హైవే మీదికి వచ్చాయి. గరికపాడు దగ్గర పాలేరు వాగు మీది వంతెన దెబ్బతింది. అలాంటి రోజున దారి మూసేశారన్న కబురు నెట్ ఉన్న ఫోన్‌కు అందే అవకాశం ఉంది. నెట్ లేని బిల్ట్-ఇన్ మ్యాప్ మాత్రం నిశ్చింతగా ఆ నీళ్లలోకే దారి చూపిస్తుంది. ఫోన్ మ్యాప్‌కు కూడా కబురు ఆలస్యంగా చేరొచ్చు. వర్షాల్లో మ్యాప్‌ కన్నా ఆ లైన్‌లోని షాపు యజమానికి ఒక ఫోన్ చేసి అడగడం మేలు. బండి బయల్దేరే ముందు ఆ ఫోన్ మీరే చేయండి.

బిల్ట్-ఇన్ మ్యాప్‌కు ఉన్న మంచి కూడా చెప్పాలి. ఫోన్ ఎండలో డ్యాష్‌బోర్డు మీద ఉండి, పైగా ఛార్జింగ్‌లో ఉంటే బాగా వేడెక్కిపోతుంది. స్క్రీన్ మసకబారుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. మే నెలలో జగ్గయ్యపేట లైన్‌కు వెళ్లొచ్చిన ఎవరినడిగినా చెబుతారు. కంపెనీ అమర్చిన స్క్రీన్ ఆ వేడికి తట్టుకునేలా తయారవుతుంది. బెంజి సర్కిల్ దగ్గర ఫ్లైఓవర్ మీద ఉన్నామా, కింద ఉన్నామా అన్నది ఫోన్‌కు ఒక్కోసారి అర్థం కాదు. మంచి బిల్ట్-ఇన్ వ్యవస్థలు చక్రాల వేగం, బండి తిరిగిన కోణం కూడా లెక్కలోకి తీసుకుంటాయి కాబట్టి సిగ్నల్ సరిగా లేనిచోట తక్కువ తడబడతాయి. ఎలక్ట్రిక్ బండి కొనేటట్లయితే నా సలహా వేరుగా ఉండేది. బ్యాటరీ ఎంత మిగిలింది, ఛార్జింగ్ ఎక్కడ అన్నది మ్యాప్‌తో కలిసి ఉంటే చాలా ఉపయోగం. నాలుగైదు రాష్ట్రాలు దాటి, ప్రతిసారీ కొత్త ఊరికి వెళ్లే లారీలకు కూడా మంచి బిల్ట్-ఇన్ వ్యవస్థ గురించి ఆలోచించవచ్చు. మీవి రోజూ తిరిగే లైన్లు, తెలిసిన షాపులు. ఆ ఖర్చు మీకు గిట్టదు.

మీ ఉత్తరంలో లేని సంగతి ఒకటి నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. మనం వాడే మామూలు మ్యాపులు కారును దృష్టిలో పెట్టుకుని దారి చెబుతాయి. గూగుల్ మ్యాప్స్‌లో కారుకు, బైకుకు వేర్వేరు దారులున్నాయి గానీ మనకు లారీకంటూ విడిగా లేదు. విదేశాల్లో లారీ డ్రైవర్లకు గార్మిన్ లాంటి కంపెనీల పరికరాలు విడిగా దొరుకుతాయి. బండి ఎత్తు, బరువు, పొడవు ముందే కొడితే, పట్టని వంతెన కిందికి అవి దారి చూపవు. అది పనిచేయాలంటే ప్రతి వంతెన ఎత్తూ మ్యాప్‌లో నమోదై ఉండాలి. కాబట్టి బిల్ట్-ఇన్ అనగానే ‘ఇది లారీకి తగిన దారి చెబుతుంది’ అనుకోకండి. ‘నా బండి ఎత్తు ఇందులో ఎక్కడ కొట్టాలి, చూపించండి’ అని షోరూంలో అడగండి. అలాంటి చోటే లేదంటే ఆ మ్యాపూ కారు మ్యాపే.

కారు మ్యాప్‌తో లారీ నడిపితే వచ్చే చిక్కులు మీ కుర్రాడికి ఈపాటికే అనుభవమై ఉంటాయి. రైల్వే అండర్ బ్రిడ్జి దగ్గర, ఎత్తు బండ్లను ఆపే ఇనుప హైట్ గేజ్ ఎదురవుతుంది. వెనక ఆటోలు, బైకులు నిండిపోయి ఉంటాయి. డీసీఎం రివర్స్ తీయాలంటే క్లీనర్ దిగి అందరినీ బతిమాలాలి. పగటిపూట పెద్ద బండ్లకు నో ఎంట్రీ ఉన్న రోడ్డు మ్యాప్‌లో పచ్చగా, ఖాళీగా కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి లోడు తెచ్చేటప్పుడూ ఇదే గొడవ. సిటీలో ఏ రోడ్డుకు ఏ వేళల్లో నో ఎంట్రీ అన్నది ట్రాఫిక్ పోలీసులు మారుస్తుంటారు. దాన్ని వాళ్లనే అడిగి ఒక కాగితం మీద రాసి క్యాబిన్‌లో అంటించండి. శ్రీశైలం వైపు బండ్లు తిప్పేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకూ ఒక మాట: నల్లమలలో మన్ననూరు దగ్గర అటవీ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది. మ్యాప్‌ను నమ్మి రాత్రి పదింటికి అక్కడికి చేరితే తెల్లారేదాకా గేటు దగ్గరే.

గూగుల్ 2024 జులైలో హైదరాబాద్ సహా కొన్ని నగరాల్లో ఇరుకు సందులను తప్పించి దారి చూపడం మొదలుపెట్టింది. ఫ్లైఓవర్ ఎక్కాలో వద్దో ముందే చెప్పే సదుపాయం కూడా అప్పుడే తెచ్చింది. మంచిదే. కానీ అది కారుకు ఇరుకైన సందు గురించి. కారుకు సులువుగా పట్టిన సందులో డీసీఎం అద్దాలు రెండూ గోడలకు రాసుకోవచ్చు.

టైము విషయంలో కూడా మ్యాప్ మాట పట్టుకుని డ్రైవరును నిలదీయకండి. నాలుగు లైన్ల హైవే మీద కార్లకు 100 కిలోమీటర్ల వేగం దాకా అనుమతి ఉంది, సరుకు బండ్లకు 80 మాత్రమే. మూడున్నర టన్నులు దాటిన బండికి ఆ 80 దగ్గరే స్పీడ్ గవర్నర్ (వేగం మించకుండా ఆపే పరికరం) పట్టేస్తుంది. మ్యాప్ లెక్క వేసేది మాత్రం కారుకు. లోడుతో ఉన్న బండి ఎత్తు ఎక్కడానికి, సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ కదలడానికి పట్టే సమయం అందులో లేదు. షాపు ముందు చోటు దొరకక రెండు చుట్లు తిరిగే సమయమూ లేదు. మ్యాప్‌లో గంట అని ఉంటే డీసీఎంకు గంటా ఇరవై నిమిషాలో, గంటన్నరో అనుకుని షాపువాళ్లకు చెప్పండి. లేకపోతే ఆ తేడా పూడ్చడానికి డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కుతాడు.

ఇంకా పెద్ద ప్రమాదం కూడా ఉంది. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గర ఒక కారు రామగంగ నది మీది వంతెన పైనుంచి కింద పడి ముగ్గురు చనిపోయారు. వంతెన ముందు భాగం అంతకుముందే వరదకు కొట్టుకుపోయింది. మ్యాప్‌లో మాత్రం ఆ దారి అలాగే ఉంది. అడ్డుగా బారికేడ్లు కూడా లేవు. ఈ సంగతి మీ కుర్రాడిని కూర్చోబెట్టి చెప్పండి. ముందు రోడ్డు మీద మట్టి పోసి ఉన్నా, చీకట్లో ఎదురుగా ఒక్క బండీ రాకపోయినా, మ్యాప్ ఏం చెప్పినా సరే, బండి ఆపి దిగి చూడమనండి. అలా ఆగినందుకు ఆలస్యమైతే మీరేమీ అనరని కూడా మీ నోటితో చెప్పండి. ఆ మాట యజమాని నోట వినకపోతే ఏ డ్రైవరూ ఆగడు.

ఇక అసలు పని. అతను రోజూ దారి తప్పుతున్నది మ్యాప్ మంచిది కాక కాదని నా అనుమానం. మీ షాపుల లొకేషన్లు సరిగా లేవు. ఎలా చెబుతున్నానంటే, ఈ వ్యాపారంలో లొకేషన్లు ఎలా వస్తాయో నాకు తెలుసు. షాపాయన రాత్రి ఇంటికి వెళ్లి భోంచేశాక గుర్తొచ్చి ‘కరెంట్ లొకేషన్’ పంపుతాడు. అది షాపుది కాదు, ఆయన ఇంటిది. ఇంకొకాయన షాపులోనే ఉండి పంపుతాడు గానీ మూడంతస్తుల స్లాబు కింద గోడౌన్ మూలన ఉంటాడు. అక్కడ సిగ్నల్ సరిగా అందక మ్యాప్‌లో గుర్తు పక్క వీధిలో పడుతుంది. మరొకాయన పేరు మాత్రమే చెబుతాడు. మైలవరం అని కొడితే కడప జిల్లాలోనూ మైలవరం ఉంది. నందిగామ అంటే షాద్‌నగర్ దగ్గర కూడా ఒకటుంది. వెంకటాపురం, కొత్తపల్లి, గొల్లపల్లి అయితే చెప్పనే అక్కర్లేదు.

గుర్తు సరిగ్గా షాపు మీదే పడినా ఒక తిరకాసు ఉంది. మ్యాప్ ఆ గుర్తుకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న రోడ్డు దాకా తీసుకెళ్లి ‘గమ్యం చేరుకున్నారు’ అంటుంది. షాపు ముందు మెయిన్ రోడ్డు ఉండి, వెనక గోడకు ఆనుకుని చిన్న సందు ఉంటే, గుర్తు షాపు వెనక భాగంలో పడితే చాలు, బండిని సందులోకే పంపుతుంది. వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల ఇలా ఇరుక్కున్న బండిని బయటికి తీయడానికి పట్టే టైములో నాలుగు షాపులకు సరుకు దించేయొచ్చు. అందుకని గుర్తు షాపు మీద పెట్టకూడదు. మీ బండి నిజంగా ఆగే చోట, హమాలీలు సరుకు దించుకునే చోట పెట్టాలి.

దీన్ని మీరొక రెండు వారాలు పనిగా పెట్టుకోండి. ఒక్కో లైన్‌కు బండి వెళ్లినప్పుడు ప్రతి షాపు దగ్గరా, బండి ఆగాక, ఇంజిన్ ఆపాక, క్లీనర్ అక్కడే నిలబడి గుర్తు సేవ్ చేయాలి. పేరు మీ బిల్లు పుస్తకంలో ఉన్నట్టే పెట్టించండి. పక్కన రెండు ముక్కలు రాయించండి: ‘ఎడమవైపు ఆపాలి’, ‘12 దాటాక చోటుండదు’, ‘డీసీఎం పట్టదు, చిన్న బండే’, ‘వెనక గోడౌన్ తాళం అబ్బాయి దగ్గర’. లైన్ వారీగా ఆ జాబితాను అందరికీ కనిపించేలా పంచుకోండి. డ్రైవరు మారినా జాబితా మీ దగ్గరే ఉంటుంది. షోరూంవాళ్లు ఎంత డబ్బు తీసుకున్నా ఇది ఇవ్వలేరు. తపాలా శాఖ 2025లో ఐఐటీ హైదరాబాద్, బాలానగర్‌లోని ఇస్రో సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీలతో కలిసి డిజిపిన్ అనే డిజిటల్ చిరునామా తెచ్చింది. దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల గళ్లుగా చేసి ఒక్కో గడికి పది అక్షరాల కోడ్ ఇచ్చారు. బిల్లు మీద అచ్చు వేయడానికి, ఫోన్‌లో చదివి చెప్పడానికి అది వీలుగా ఉంటుంది. మీరు సేవ్ చేసిన గుర్తుల పక్కన ఆ కోడ్ కూడా రాసి ఉంచితే మంచిది.

ఈ పనికి అందరికన్నా ముందు కావలసిన మనిషి మీ పాత డ్రైవరు. ఆయన మ్యాప్ ముట్టుకోడని మీరు ఫిర్యాదులా రాశారు. ఆయనకు ఆ అవసరం లేదు, ఆయన్ని మార్చడానికి ప్రయత్నించకండి. తిరువూరులో సంత రోజున ఏ రోడ్డు వదిలేయాలో, ఏ అండర్ బ్రిడ్జి కింద చిన్న వానకే నీళ్లు నిలుస్తాయో, ఏ షాపాయన మధ్యాహ్నం షట్టర్ దించి పడుకుంటాడో ఆయనకు తెలుసు. ఏ మ్యాప్‌లోనూ ఇవేవీ ఉండవు. ఆ గుర్తులు పెట్టే రెండు వారాలు కుర్రాడిని ఆయన పక్కన కూర్చోబెట్టండి. ఆయన నడుపుతూ చెబుతుంటాడు, బండి ఆగినచోట కుర్రాడు రాసుకుంటాడు. దీనికోసం ఆయనకు విడిగా కొంత డబ్బు ఇవ్వండి. ఇన్నేళ్ల అనుభవాన్ని మీ వ్యాపారానికి రాసిస్తున్నాడు, ఊరికే తీసుకోకూడదు. తన దగ్గరున్నది ఫోన్‌లోకి ఎక్కించుకుని తనను తీసేస్తారన్న భయం కూడా ఆయనకు ఉండొచ్చు. అది ఆయన నోరు విప్పి చెప్పడు. మీరే ముందు చెప్పండి, ఉద్యోగానికి ఢోకా లేదని. చెప్పి, ఆ మాట మీద ఉండండి.

ఒకవేళ ఆయనకు ఫోన్‌లో అక్షరాలు చదవడం కష్టమైతే దాన్ని నలుగురిలో అడగకండి. 2018 నుంచి గూగుల్ మ్యాప్స్ తెలుగులో దారి చెబుతోంది. మన దేశపు మ్యాప్‌మైఇండియా వాళ్ల మ్యాపుల్స్ యాప్‌లో కూడా తెలుగు ఉంది. కొత్త ఊరికి వెళ్లాల్సి వచ్చినప్పుడు క్లీనర్ పెట్టి ఇస్తే ఆయన విని వెళ్లగలడు.

సామాన్ల సంగతి చిన్నదే. బండికో ఫోన్ కొనండి. డ్రైవరు సొంత ఫోన్ వేరు, బండి ఫోన్ వేరు. మీ సిమ్, మీ డేటా. ఖరీదైనది అక్కర్లేదు గానీ ఎండలో కనబడేంత వెలుతురు ఉండాలి. గట్టి హోల్డర్ బిగించండి, అద్దం మధ్యలో రోడ్డుకు అడ్డంగా కాకుండా, ఏసీ లేదా ఫ్యాను గాలి తగిలేచోట. ఛార్జర్ కొనేటప్పుడు వోల్టేజీ చూడండి. చిన్న బండ్లలో 12 వోల్టులు, పెద్ద లారీల్లో 24 ఉంటుంది. డీసీఎం సైజు బండ్లలో మోడల్‌ను బట్టి మారుతుంది. 12-24 రెండిటికీ పనికొచ్చేదని రాసి ఉన్నది తీసుకోండి. మీ లైన్లు తిరిగే ప్రాంతమంతా ఆఫ్‌లైన్ మ్యాప్‌గా దించుకోండి. చాలామంది అనుకుంటున్నట్టు నెట్ పోతే జీపీఎస్ పోదు. ఫోన్ ఉపగ్రహాలతో తన చోటు తాను కనుక్కుంటుంది, మ్యాప్ ముందే దించి ఉంటే దారి చెబుతూనే ఉంటుంది. ట్రాఫిక్ సమాచారం మాత్రం రాదు. ఆ ఆఫ్‌లైన్ మ్యాప్‌ను అప్పుడప్పుడూ వైఫై దగ్గర అప్‌డేట్ చేయించండి.

ఒక లైన్‌లో ముప్పై షాపులుంటే అన్నీ ఒకేసారి మ్యాప్‌లో పెట్టలేరు. గూగుల్‌లో పదికి మించి స్టాపులు కుదరవు, వాటిని ఏ వరసలో వెళ్తే దగ్గరో కూడా అది సర్దిపెట్టదు. ఆ వరస మీరూ పాత డ్రైవరూ కూర్చుని వేసుకోవాల్సిందే. లోడు కూడా ఆ వరసకు తిరగేసి ఎక్కించాలని మీకు తెలుసు. చివరి షాపు సరుకు ముందు, మొదటి షాపుది డోరు దగ్గర.

టెలీమాటిక్స్ బండితో పాటే వస్తే రానివ్వండి. డీజిల్ లెక్కకు, దొంగతనం జరిగితే వెతకడానికి పనికొస్తుంది. కానీ అది చూస్తూ ‘ఎందుకు ఆగావ్, ఎక్కడున్నావ్’ అని పదేపదే ఫోన్ చేయకండి. మీ కాల్ వచ్చినప్పుడల్లా మ్యాప్ పక్కకుపోతుంది, డ్రైవరు చెయ్యి ఫోన్ మీదికి వెళ్తుంది. బండి కదులుతుంటే కాల్ చేయకూడదన్న నియమం మీ ఇంట్లో అందరికీ, నాన్నగారితో సహా, పెట్టండి. అవసరమైతే క్లీనర్‌కు చేయండి.

చివరిగా ఆ చలానా. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర మోటారు వాహనాల నిబంధన ప్రకారం, నడిపేటప్పుడు ఫోన్ లాంటివి దారి చూసుకోవడానికి మాత్రమే వాడొచ్చు. అదీ డ్రైవరు ఏకాగ్రత చెదరకుండా వాడాలి. అంటే హోల్డర్‌లో పెట్టి మ్యాప్ పెట్టుకుంటే ఇబ్బంది లేదు. చేతిలో పట్టుకుని నడిపితే అది మోటారు వాహనాల చట్టం 184 సెక్షన్ కిందికి, ప్రమాదకరమైన డ్రైవింగ్‌లోకి వస్తుంది. మొదటిసారికే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. మీ ఉత్తరంలో హోల్డర్ మాటే లేదు, చేతిలో పట్టుకున్నాడనే ఉంది. హోల్డర్ ఇవ్వకుండా, తెలియని లైన్‌కు పంపి, దారి చూసుకోమన్నది మీరు. కాబట్టి ఈ చలానా మీరు కట్టండి, అతని జీతంలో పట్టుకోకండి. ఈ వారంలోనే హోల్డరు, ఛార్జరు బిగించండి. గేటు దగ్గర బండి కదలకముందే మొదటి షాపు మ్యాప్‌లో పెట్టుకోవాలని, తర్వాత మార్చాలంటే పక్కకు ఆపి మార్చుకోవాలని చెప్పండి. అవన్నీ ఇచ్చాక కూడా ఫోన్ చేతిలో పట్టుకుని దొరికితే, అప్పుడు ఆ డబ్బు అతనిదని ఇప్పుడే, నాన్నగారి ఎదురుగా, ఇద్దరూ ఒప్పుకుని ఉండండి.